బస్సులో, రైలులో మనం పీల్చే గాలి: నూటయాభై ఏళ్ల చరిత్ర

ఏసీ బస్సు ఎక్కగానే మనకు ముందుగా తెలిసేది చల్లదనం. ఆ వెంటనే, బయటి దుమ్మూ పొగా వదిలించుకొని శుభ్రమైన గాలిలోకి వచ్చామన్న నమ్మకం కలుగుతుంది. చల్లదనం నిజమే. శుభ్రత మాత్రం నిజం కావచ్చు, కాకపోవచ్చు. చల్లని గాలి వేరు, తాజా గాలి వేరు. బయటి గాలిని లోనికి తీసుకోకుండా లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరచే యంత్రం, నలభై మంది విడిచిన ఊపిరిని తిరిగి ఆ నలభై మందికే పంచుతూ ఉంటుంది. వారిలో ఒకరికి క్షయో, తట్టో, ఫ్లూనో ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇది కోవిడ్ వచ్చాక వైద్యులు కనుగొన్న విషయమని చాలామంది అనుకుంటారు. కాదు. తెలియడం, మరుగున పడడం, మళ్లీ తెలియడం అనే క్రమంలో ఈ సత్యం నూటయాభై ఏళ్లకు పైగా మన మధ్యనే తిరుగుతున్నది. ఎందుకు మరుగున పడిందో తెలుసుకుంటే, ఇప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ చరిత్ర.

1858లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త, మూసి ఉన్న గదిలో గాలి ఎంత చెడిందో కొలవడానికి ఒక ఉపాయం చెప్పాడు. మనం విడిచే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు నాలుగు శాతం ఉంటుంది. బయటి గాలిలో అది అత్యల్పం. కాబట్టి గదిలో ఆ వాయువు పెరిగిందంటే, జనం విడిచిన ఊపిరి బయటికి పోకుండా అక్కడే పేరుకుంటున్నదని అర్థం. గాలిలో పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్లు మించకూడదని ఆయన హద్దు పెట్టాడు. ఆ మోతాదులో ఆ వాయువు మనకు చేసే హాని ఏమీ లేదు. అది కేవలం సాక్షి. ఈ వెయ్యి అనే అంకెను గుర్తుంచుకోండి, చివర దానితో మళ్లీ పని పడుతుంది.

ఆ తరువాత ఐదేళ్లకు, 1863 జనవరి 10న, లండన్‌లో ప్రపంచపు తొలి భూగర్భ రైలు నడిచింది. సొరంగంలో ఆవిరి ఇంజన్లు! గంధకపు పొగతో ప్రయాణికులు ఉక్కిరిబిక్కిరి అయ్యేవారు. 1897లో ప్రభుత్వం విచారణ జరిపించినప్పుడు రైల్వే సంస్థ తరఫున వినిపించిన వాదన వింటే మీరు నవ్వుకుంటారు: ఉబ్బసంతో బాధపడే ఉద్యోగులకు ఆ సొరంగపు గాలి మేలు చేస్తున్నదట! 1905 నాటికి విద్యుత్తు వచ్చి పొగ బెడద తీరింది. 1900లో ప్రారంభమైన మరో మార్గం, సెంట్రల్ లండన్ రైల్వే, మొదటినుండీ విద్యుత్తుతోనే నడిచింది. పొగ లేదు గాని, లోతైన గొట్టంలాంటి ఆ సొరంగంలో గాలి కదలక వాసన వేస్తున్నదని ఫిర్యాదులు వచ్చాయి. సంస్థ వారు 1911లో స్టేషన్లలోకి ఓజోన్ కలిపిన గాలిని పంపడం మొదలుపెట్టారు. ఓజోన్ ఊపిరితిత్తులకు మంట పుట్టించే వాయువని ఇప్పుడు మనకు తెలుసు. అప్పటి లక్ష్యం వాసన పోవడమే. ప్రయాణికుడి ముక్కుకు నచ్చితే గాలి బాగున్నట్టే లెక్క. ఈ లెక్క ఇప్పటికీ పూర్తిగా పోలేదని నా అభిప్రాయం. బస్సుల్లో వేలాడదీసే సుగంధపు బిళ్లలను చూసినప్పుడల్లా నాకు ఆ ఓజోన్ గుర్తుకు వస్తుంది.

ఇంతలో వైద్యశాస్త్రం సూక్ష్మజీవుల వైపు తిరిగింది. 1882లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని కనుగొన్నాడు. ఉమ్మిలో క్రిమి ఉంటుందని తేలడంతో 1896లో న్యూయార్క్ నగరం బహిరంగంగా ఉమ్మివేయడాన్ని నిషేధించింది. ట్రాములలో, రైళ్లలో ఉమ్మివేయరాదన్న హెచ్చరికలు వెలిశాయి. మంచి పనే. అయితే దృష్టి క్రమంగా గాలి మీదినుండి ఉమ్మి మీదికీ, చేతుల మీదికీ మళ్లింది. 1910లో అమెరికా ప్రజారోగ్య నిపుణుడు చార్లెస్ చేపిన్ తన ప్రసిద్ధ గ్రంథంలో, గాలి ద్వారా వ్యాధి వ్యాపించడం అరుదని, దగ్గరి స్పర్శే ముఖ్యమని వాదించాడు. చెడుగాలే సమస్త రోగాలకూ మూలమన్న పాత నమ్మకాన్ని వదిలించాలన్నది ఆయన తపన. ఆ తపనలో న్యాయం ఉంది. కాని పాత నమ్మకంతో పాటు కిటికీ కూడా తన వకీలును పోగొట్టుకుంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు నగరాల పాలకులు సిద్ధాంతం కోసం ఆగలేదు. సియాటిల్‌లో మాస్కు లేనివారిని ట్రాము ఎక్కనివ్వలేదు. అక్కడి రెడ్‌క్రాస్ శాఖకు చెందిన 120 మంది మూడు రోజుల్లో 2,60,000 మాస్కులు తయారు చేశారట. న్యూయార్క్‌లో ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ దుకాణాలు, కార్యాలయాలు, నాటకశాలలు తెరిచే వేళలను వేరువేరుగా నిర్ణయించాడు. అందరూ ఒకే గంటలో భూగర్భ రైలు ఎక్కకుండా చూడడమే అందులోని ఆలోచన. రద్దీ అంటే జాగా సమస్య మాత్రమే కాదని, అది ఊపిరి సమస్య అని గ్రహించిన ఏర్పాటు ఇది.

మన దేశానికి ఆ వ్యాధి 1918 జూన్‌లో బొంబాయి రేవు ద్వారా ప్రవేశించి, రైలు మార్గాల వెంట దేశమంతటా పాకింది. మరణాలు కోటి ఇరవై లక్షలకు తక్కువ ఉండవని అంచనాలు. సరిగ్గా అంతకు ముందు ఏడాదే, 1917లో, గాంధీజీ మూడవ తరగతి పెట్టెల కిక్కిరింపు గురించీ, అశుభ్రత గురించీ చిన్న పుస్తకమే రాశారు. ఆ పెట్టెల్లోనే మరుసటి సంవత్సరం జ్వరం ప్రయాణం చేసింది.

గాలి మార్గాన్ని శాస్త్రీయంగా మళ్లీ నిలబెట్టినవాడు విలియం వెల్స్. దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలు నేలకు చేరకముందే ఆరిపోయి, మిగిలిన సూక్ష్మరేణువులు గంటల తరబడి గాలిలో తేలుతాయని 1934లో ఆయన చూపాడు. 1941లో ఫిలడెల్ఫియాలో తట్టు వ్యాపించినప్పుడు, గది పైభాగపు గాలిలో అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసిన తరగతుల పిల్లలకు జబ్బు చాలా తక్కువగా సోకింది. ఇంకేముంది, మార్గం దొరికిందనుకున్నారు.

ఇక్కడే నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత విలువైనదిగా తోచే ఘట్టం వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెద్ద గ్రామీణ పాఠశాలల్లో ఇదే ప్రయోగం చేసి 1947లో ఫలితాలు ప్రకటించారు. దీపాలు అవే, జబ్బూ అదే. ఆశించిన రక్షణ మాత్రం కనబడలేదు. ఎందుకు? చుట్టుపక్కల పల్లెల నుండి పిల్లలు ఒకే బస్సుల్లో కిక్కిరిసి వచ్చేవారు. తరగతిలో గాలిని శుద్ధి చేశారు, బస్సులో చేయలేదు. వైఫల్యానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా ఆ బస్సునే చెబుతారు. విచారమేమిటంటే, ‘బస్సులను కూడా బాగుచేద్దాం’ అని రావలసిన తీర్పుకు బదులు, ‘ఈ కిరణాలతో లాభం లేదు’ అన్న తీర్పు నిలిచిపోయింది.

వెల్స్ శిష్యుడు రిచర్డ్ రైలీ 1950ల చివర బాల్టిమోర్‌లో క్షయ రోగుల వార్డు నుండి వెలువడే గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదిలోకి పంపి, కేవలం గాలి వల్లనే అవి క్షయ బారిన పడతాయని నిరూపించాడు. కిరణాలతో శుద్ధి చేసిన గాలి పీల్చిన జంతువులకు ఏమీ కాలేదు. వాహనం విషయంలో ఇటువంటి నిరూపణ అనుకోకుండా దొరికింది. 1977లో అలాస్కాలో ఇంజన్ చెడి ఒక విమానం నేలమీదనే మూడు గంటలు ఆగిపోయింది. ఆ సమయంలో గాలి మార్చే వ్యవస్థ పనిచేయలేదు. లోపల 54 మంది, వారిలో ఒకరికి ఫ్లూ. మూడు రోజుల్లో ప్రయాణికుల్లో 72 శాతం మంది జబ్బుపడ్డారు. ఎగురుతున్న విమానంలో బయటి గాలి నిరంతరం లోనికి వస్తుంది, లోపలి గాలి నేటి విమానాల్లో హెపా వడపోత గుండా తిరుగుతుంది. అది ఆగితే ఏమవుతుందో ఆ మూడు గంటలు చూపాయి.

ఇన్ని తెలిసి కూడా 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. చేపిన్ నీడ అంత పొడవైనది మరి. నిజానికి సాక్ష్యం ఆ ఏడాది జనవరిలోనే చైనాలోని నింగ్‌బో నగరంలో ఉంది. ఒక బౌద్ధాలయానికి రెండు బస్సుల్లో భక్తులు వెళ్లారు. ప్రయాణం ఒక్కో వైపు యాభై నిమిషాలు. 60 మంది ఉన్న మొదటి బస్సులో ఒక్కరికీ సోకలేదు. 68 మంది ఉన్న రెండవ బస్సులో ఒక రోగి ఉన్నారు, మరో 23 మందికి సోకింది. చలికాలం కనుక వేడి గాలి యంత్రం లోపలి గాలినే తిప్పుతూ ఉంది. రోగికి దగ్గరి వరుసలకూ దూరపు వరుసలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తెరవడానికి వీలున్న కిటికీల పక్కన కూర్చున్నవారు మాత్రం, రోగి పక్క సీటులోని వ్యక్తి మినహా, తప్పించుకున్నారు.

ఇప్పుడు మన బస్సుల సంగతి. 1932లో నిజాం రాష్ట్రంలో రైల్వే శాఖ 27 బస్సులతో ప్రజా రవాణా మొదలుపెట్టింది. ఆ పరంపరలోనిదే మన ఎర్రబస్సు. ‘ఎర్రబస్సు ఎక్కి వచ్చావా’ అని పల్లెవాసులను ఎగతాళి చేయడం మీరు వినే ఉంటారు. దుమ్ము, కుదుపు, ఎండ నిజమే గాని, కిటికీలన్నీ తెరిచి పరుగెత్తే ఎర్రబస్సులో ఊపిరి నిలిచేది కాదు. అంటువ్యాధుల వైద్యుడిని అడిగితే అద్దాలు బిగించిన లగ్జరీ బస్సు కంటే దానికే ఎక్కువ మార్కులు వేస్తాడు. అలాగని ఏసీ వద్దని నేననను. మన ఎండలు, మన రోడ్ల పొగ అటువంటివి. కిటికీ తెరిస్తే క్రిమి పోవచ్చు గాని పొగ వస్తుంది. కనుక బయటి గాలి తగినంతగా లోనికి రావాలి, తిరిగే గాలి మంచి వడపోత గుండా పోవాలి.

అది జరుగుతున్నదో లేదో కంటితో తెలియదు, ముక్కుతో అసలే తెలియదు. పెటెన్‌కోఫర్ సాక్షిని పిలవాలి. అరచేతిలో పట్టే కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. బయటి గాలిలో ఆ అంకె సుమారు 420. బస్సులో అది 2,400 చూపితే, మీరు పీల్చే గాలిలో దాదాపు ఐదు శాతం ఇతరుల ఊపిరితిత్తుల నుండి వచ్చినదే. అంటే ప్రతి ఇరవై శ్వాసల్లో ఒకటి ఎరువు తెచ్చుకున్నది. ఈ విధమైన లెక్కను 2003లో రుడ్నిక్, మిల్టన్ అనే పరిశోధకులు అంటువ్యాధుల ప్రమాదాన్ని అంచనా వేయడానికి పనికివచ్చేలా తీర్చిదిద్దారు. దక్షిణాఫ్రికాలో దానితోనే లెక్కించి, కిక్కిరిసిన మినీబస్సుల్లో క్షయ ప్రమాదం రైళ్లలో కంటే ఎక్కువని చూపారు. అయితే వడపోత క్రిములను పట్టుకుంటుంది గాని ఈ వాయువును పట్టుకోదు. మంచి వడపోత ఉన్నచోట అంకె ఎక్కువగా కనబడినా ప్రమాదం తక్కువ ఉండవచ్చు.

మన దేశంలో ఏటా దాదాపు 25 లక్షల క్షయ కేసులు నమోదవుతున్నాయి. ‘మామూలు దగ్గే’ అనుకుంటూ వారాల తరబడి పనికీ, సంతకూ, ఆసుపత్రికీ బస్సుల్లోనే తిరిగి, ఆ తరువాత వ్యాధి నిర్ధారణ అయినవారిని నా వృత్తి జీవితంలో లెక్కలేనంత మందిని చూశాను. వారిని తప్పుపట్టి లాభం లేదు. వారికి వేరే వాహనం లేదు, పక్క సీటులోని గర్భిణికీ లేదు.

దూరప్రయాణపు ఏసీ బస్సు ఎక్కినప్పుడు, బయటి గాలిని లోనికి తీసుకునే ఏర్పాటు ఉందా, దాన్ని తెరిచారా అని డ్రైవరు గారిని మర్యాదగా అడగండి. డీజిల్ ఆదా కోసమో, త్వరగా చల్లబడడం కోసమో దాన్ని మూసి ఉంచడం కద్దు. భోజనానికి ఆగిన ఇరవై నిమిషాలు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచమనండి. కారులోనైతే, గుండ్రంగా తిరిగే బాణం గుర్తు గల మీట మీ చేతిలోనే ఉంటుంది. పక్కన ఎవరైనా దగ్గుతున్నప్పుడు దాన్ని ఆపివేయండి. మాస్కు పెట్టుకోదలిస్తే గుడ్డది కాక ఎన్-95 రకానిది, ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు మీకే ఉంటే, మరో ప్రయాణానికి ముందు కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.