తేనె, పంచదార, గుండె

మన ఇండ్లలో తేనె, పంచదార ఒకే అలమరలో ఉన్నా రెండింటికీ ఒకే మర్యాద లేదు. తేనె మందుకు అనుపానము. పంచదార కాఫీకి తోడు. ఈ భేదము ఈనాటిది కాదు. తేనె మేదస్సును హరిస్తుందనీ, హృద్యమనీ సుశ్రుత సంహిత చెప్పినది. అయితే పూర్వుల మాట ఎంత గొప్పదైనా, పరీక్షకు నిలువవలసినదే. తీపికీ గుండెకూ గల సంబంధమును గూర్చిన ఆ పరీక్ష మాత్రము తిన్నగా సాగలేదు.

1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినది. గుండెజబ్బుకు కారణమేమన్న ప్రశ్న ఆ దేశమంతటా చర్చకు వచ్చినది. సంతృప్త కొవ్వులు రక్తములో కొలెస్టరాల్‌ను పెంచుతాయనీ, దోషము వాటిదేననీ ఆన్సెల్ కీస్ వాదించినారు. పంచదారను కూడ అనుమానించవలెనని లండనులో జాన్ యుడ్కిన్ 1957 నుండి వ్రాసినారు. 1972లో ఒక గ్రంథమే ప్రకటించినారు.

ఈ వాదము నడుమ ఒక రహస్యము జరిగినది. 1965లో అమెరికాలోని పంచదార వ్యాపారుల పరిశోధన సంస్థ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులచేత ఒక సమీక్ష వ్రాయించుటకు సుమారు 6,500 డాలర్లు ఇచ్చినది. 1967లో ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడిన ఆ సమీక్ష, పంచదారపై గల సాక్ష్యమును తేలిక చేసి, కొవ్వును ముందుకు నెట్టినది. డబ్బు ఎవరిదో అందులో చెప్పలేదు. అటువంటి విషయము వెల్లడించవలెనన్న నియమము ఆ పత్రికకు అప్పటికి లేదు. పాత ఉత్తరములను వెదకి ఈ సంగతిని పరిశోధకులు లోకానికి తెలిపినది 2016లో. అనగా దాదాపు అర్ధశతాబ్దము తరువాత.

దీనివలన కొవ్వు నిర్దోషి అని తేలదు. సంతృప్త కొవ్వు చెడు కొలెస్టరాల్‌ను పెంచుట నిజమే. కాని పంచదారలో సగము ఫ్రక్టోజు. అది మితిమీరినప్పుడు కాలేయము దానిని కొవ్వుగా మార్చి రక్తములోనికి పంపుతుంది. ఆహారశక్తిలో నాలుగవవంతు, అంతకు మించి, చేర్చిన తీపినుండి పొందినవారిలో హృద్రోగ మరణముల ప్రమాదము, పదవవంతుకన్న తక్కువ పొందినవారితో పోల్చగా, రెండున్నర రెట్లు మించి ఉన్నదని అమెరికాలో 2014లో ప్రకటితమైన పరిశీలన చూపినది.

మరి తేనె? అందులోనూ సుమారు 80 పాళ్లు చక్కెరలే. అయినా టొరంటో పరిశోధకులు 18 ప్రయోగములను, 1,100 మందికి పైబడినవారి ఫలితములను కలిపి చూడగా, తేనె తీసుకొన్నవారిలో మొత్తము కొలెస్టరాల్, చెడు కొలెస్టరాల్ కొంత తగ్గినట్లు కనిపించినది. కాచని తేనెలో ఈ గుణము మెరుగుగా తోచినది. ఈ నిదర్శనము బలము ఇంకా తక్కువేనని వారే చెప్పినారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తగ్గించుకొనవలసిన చక్కెరలలో తేనెను కూడ చేర్చినది.

కావున, పంచదార మానినచోట ఒక చెంచా తేనె వాడుకొనవచ్చును. పంచదారకు అదనముగా తేనె పోసుకొనుట మేలు కాదు. మధుమేహము ఉన్నవారు వైద్యుని అడుగవలెను. ఇంతకన్న ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. ఏ ఆహారము మంచిదని ఎవరు చెప్పినా, చెప్పించినవారెవరో కూడ మనము విచారించవలెను. ఆ ప్రశ్న సకాలములో అడుగకపోవుట వలననే ఒక తరము పంచదారను నిశ్చింతగా తిన్నది.