సముద్రపు నలుసు – పసివాని కన్ను

సముద్రజలపు చుక్కను సూక్ష్మదర్శిని క్రింద నుంచి ఒక ప్రక్కనుండి దీపము చూపినచో, అందలి పచ్చని నలుసులు కొన్ని ఆ వెలుగు వైపునకే ఈదును. వానికి మెదడు లేదు, నరములు లేవు. దేహమంతయు ఒకే కణము. సూర్యకాంతితో ఆహారమును తయారు చేసికొను జీవులు గనుక, వెలుగును చేరుట వానికి బ్రతుకుదెరువు.

అట్టి కణము బొంగరమువలె తిరుగుచు ఈదును. దాని ప్రక్కన నారింజవన్నె చుక్క యొకటి కలదు. అది ఒక వైపు కాంతిని అడ్డగించుటచే, చెంతనున్న కాంతిగ్రాహక పదార్థమునకు ప్రతి చుట్టులోను వెలుగు, నీడ మారిమారి తగులును. ఆ తేడాను బట్టి రెండు కశాభముల ఊపు మారి, కణము త్రోవ మళ్ళించుకొనును. దీపమునకు సూటిగా సాగునప్పుడు ఆ తేడా అణగిపోవును.

ఆ పదార్థమేది? 1984లో కెన్నెత్ ఫాస్టర్, ఆయన సహచరులు మంచినీటి నాచు క్లామిడోమొనాస్‌ను పరీక్షించిరి. రంగు పదార్థములను చేసికొనలేని తెగ యొకటి వెలుగును గుర్తింపలేకుండెను. దానికి రెటినాల్ అందింపగా మరల వెలుగు వైపు ఈదినది. ఉప్పునీటి దాయాదులలోను ఇట్టి గ్రాహకములే పిమ్మట బయటపడినవి.

రెటినాల్ ఏ విటమిను యొక్క రూపమే. కంటి లోపలి పొరలో ఈ విటమిను ఉన్నదని 1933లో జార్జి వాల్డ్ కనుగొనెను. దృష్టిపై చేసిన కృషికి 1967లో నోబెల్ బహుమానము పొందెను. ఇది కొరవడిన పసివానికి మొదట రేచీకటి కలుగును. ముదిరినచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపే పోవును.

ఈ లోటుతో పోరాడినవారు మన హబ్సిగూడ పొరుగుననే ఉన్నారు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అయినది. సి. గోపాలన్ నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు ఈ విటమినును పెద్ద మోతాదుగా త్రాగించిన, కాలేయములో నిలువయై నెలల తరబడి రక్షించునని గ్రామములలో పరీక్షించి చూపిరి. ఆ ఆధారముపై 1970లో, ఆరు నెలల కొకమారు 2 లక్షల యూనిట్లు పిల్లలకు ఇచ్చు పథకము మొదలైనది.

నలుసు తన కెరోటీనును తానే తయారు చేసికొనును. మన దేహమునకు ఆ శక్తి లేదు. తోటకూర, మునగాకు, పాలు, గ్రుడ్డు – వీనిలో ఏదో యొకటి పసివాని కంచములోనికి రావలసినదే.