నూనెలోని నేయి

తిరువళ్ళూరు నుండి తిరుత్తణికి పోవు బాటలో కనకమ్మ సత్రమను ఊరు కలదు. పేరు వినగానే బాటసారికి అన్నము తలపునకు వచ్చును. తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. తెలుగును తమిళమును ఒకే వీథిలో వినబడు ఇట్టిచోట, ఒక్క మాటను పట్టుకొని వంటయింటి చరిత్రను వెదుకవచ్చును. ఆ మాట ‘నూనె’.

నువ్వుల నేయియే నూనె. తమిళమున ‘ఎళ్’ అనగా నువ్వు. దానికి ‘నెయ్’ చేరి ‘ఎణ్ణెయ్’ అయినది. పాలనుండి తీసినదానికిని గింజనుండి పిండినదానికిని మన పూర్వులు ఒకే పేరు పెట్టిరి. నేయి లేని కూడు దరిద్రపు కూడని చిన్నబుచ్చుకొనువారికి ఇంతకంటె మంచి సమాధానము నాకు తోచదు.

పదునారవ శతాబ్దమున కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో జడివానవేళ రెడ్ల భోజనమును వర్ణించెను. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులు, చింతచిగురు కలిపి నూనెతో పొరటిన కూర. ఆవిరులెగయు ఆరికల అన్నము. పసులు మేతకు పోగా దూడలు వారి మేనులు నాకుచుండినవట! ఇంట పాడియున్నను ఆ పద్యమందలి కంచమున పాలు పెరుగుల ప్రసక్తి లేదు. రాయల కన్ను ఎంత నిశితమైనదో చూడుడు.

ఇది కేవలము పండితుల ముచ్చట కాదు. బాల్యము గడచిన పిదప పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి పెక్కుమందికి తగ్గును. దక్షిణదేశమున ఇది అరుదు కాదు. పాలు పడని బిడ్డకు ఏమి పెట్టుదునని కలవరపడు తల్లికి ఈ సీమ వంటయే దారి చూపును.

నూకలు ఉడుకుచుండగా రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికి ముద్ద చేసినచో సంకటి. దానికి జోడు ఊరిబిండి: వేయించిన వేరుసెనగలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి రోట నూరవలెను. ఇందు మిరప పోర్చుగీసువారి రాక తరువాతిది. వేరుసెనగ దక్షిణ అమెరికా గింజ, పందొమ్మిదవ శతాబ్దమున ఆర్కాటు సీమలలో విస్తరించినది. పాత పద్ధతిలో క్రొత్త గింజ ఎంత చక్కగా ఒదిగినది! ఇక ఉలవచారు, పప్పుపులుసు సరేసరి.

నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు కలదు, ఆవుపాలలో కంటె ఎక్కువ. కాని అదంతయు ఒంటబట్టదు. పాలతోపాటు మాంసము, చేపలు, గ్రుడ్లు కూడ మానినవారికి బి12 విటమిను వేరుగా కావలెను. ఈ మాట దాచరాదు.

చివర మజ్జిగ లేనిదే భోజనము ముగియదనువారి సంగతి? రాత్రి మిగిలిన అన్నమున నీరు పోసియుంచినచో తెల్లవారునప్పటికి అదియే పులియును. పెరుగును పులియజేయు సూక్ష్మజీవుల కులమే ఇందును పనిచేయును. ఆ చద్దిలో ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకొని పొలమునకు పోయినవారు మజ్జిగకై వెనుదిరిగి చూడలేదు.