తిరుమల నాయకుడి నాటకశాల ఎవరిది?

మదురై జంక్షన్‌లో రైలు దిగితే తిరుమల నాయకర్ మహల్ ఎంతో దూరం కాదు. దిండిగల్లు, విరుదునగరం వైపుల నుంచి రోజూ పనులకు వచ్చిపోయే జనానికి అది ఊళ్లోని పాత కట్టడాల్లో ఒకటి. మీనాక్షి దర్శనానికి వెళ్లే తెలుగువాళ్లకు మాత్రం ‘మనవాళ్లు కట్టినది’. అందులోని స్వర్గవిలాస మందిరాన్ని ఆనుకుని వాయవ్యంగా ఉన్న నాటకశాలలోకి వెళ్లగానే ఆ మమకారం ఇంకో మెట్టెక్కుతుంది. తమిళనేల మీద తెలుగు వెలిగిన దక్షిణాంధ్ర యుగపు కావ్యాలూ యక్షగానాలూ ఈ కప్పు కిందే వెలిగాయని అనుకోవడం సులువు. కట్టించినవాడు తెలుగు రాజే, సందేహం లేదు. కానీ మధుర (మదురై) నాయకుల తెలుగు సాహిత్యానికి ఈ శాల పుట్టిల్లు అనడానికి ఆధారాలు కలిసిరావు. పైగా అలా అనడం వల్ల ఆ శాల అసలు విశేషమే మరుగున పడుతుంది.

ముందు కట్టడం సంగతి. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. తన ముందరి పాలకుడు తిరుచ్చికి తరలించిన రాజధానిని మళ్లీ మదురైకి తెచ్చుకున్నాడు. మహల్ నిర్మాణకాలంగా చెప్పేది 1636. ఇటుక, సున్నం, పైన నున్నగా తీర్చిన గార. బ్రహ్మాండమైన స్తంభాల మీద వంపు తిరిగిన కమానులు. నాటకశాల 120 అడుగులకు తగ్గని పొడవు, సుమారు 70 అడుగుల ఎత్తు. పందొమ్మిదో శతాబ్దంలో భారతీయ వాస్తు చరిత్ర రాసిన ఫెర్గుసన్ దీన్ని చూసి యూరప్ గోథిక్ కట్టడాలను తలచుకున్నాడు. అంతేకాదు, స్వర్గవిలాసాన్నీ ఈ శాలనూ మొగలు కోటల్లోని రెండు దర్బారు మందిరాలతో పోల్చాడు. అంటే, ఇది ఆటపాటల కోసమే కట్టినదా, కొలువుకూ వాడినదా అన్నది పేరును బట్టి తేల్చేయలేం. నాయకరాజుల లోకంలో ఆ రెండింటికీ మధ్య గోడ ఉండేదనుకోవడమే పొరపాటు కావచ్చు. పాలెగాళ్లు, దూతలు, పండితులు చూస్తుండగా నాట్యం జరగడం కూడా రాచకార్యమే.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. తిరుమల నాయకుడి మనుమడు చొక్కనాథుడు రాజధానిని మళ్లీ తిరుచ్చికి మార్చాడు. ఈ నగరులో భాగాలు విప్పించి అక్కడికి తరలించాడని చెబుతారు. ఈనాడు మిగిలింది మొత్తంలో నాలుగో వంతేనంటారు. మరి మధుర నాయకుల పేరు చెప్పగానే మనం ఏకరువు పెట్టే గ్రంథాలు ఎప్పటివి? సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి అహల్యాసంక్రందనము, శేషము వేంకటపతి శశాంకవిజయము, విజయరంగ చొక్కనాథుడు తానే వచనంలో రాసిన శ్రీరంగమాహాత్మ్యము పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాలవి. విజయరంగుడు ఏలింది 1706 నుంచి 1732 దాకా, తిరుచ్చి నుంచి. మనసంతా శ్రీరంగం మీద. సాహిత్య చరిత్రల్లో ‘మధుర’ అన్నది రాజ్యం పేరు. దాన్ని ఊరుగా, ఊరిని శాలగా కుదించి చదువుకున్నది మనమే.

దీనికి జవాబుగా తంజావూరును చూపేవాళ్లుంటారు. అక్కడ విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానాలు రాశాడు, రంగాజమ్మ మన్నారుదాసవిలాసము రాసింది. సాటి నాయకుల కొలువులో ఉన్నది మదురైలో మాత్రం ఎందుకుండదు? అడగదగ్గ ప్రశ్నే. కానీ తంజావూరుకు గ్రంథాలే సాక్ష్యం పలుకుతున్నాయి. తిరుమల నాయకుడి కొలువుకు ఆ స్థాయి తెలుగు నాటక సంపద లేదు. ఒకచోటి సాక్ష్యాన్ని ఇంకోచోటికి అరువిస్తే అది ఊహే అవుతుంది. ఇంకొందరు, రాజు ఇంట తెలుగే కదా అంటారు. నిజమే. 1606లో మదురై చేరిన జెస్యూట్ మతాచార్యుడు రాబర్ట్ డి నొబిలి తమిళ సంస్కృతాలతోపాటు తెలుగూ నేర్చుకున్నాడు. ఆ జెస్యూట్లు తెలుగును ‘బడగ’ భాష, అంటే ఉత్తరాదివాళ్ల మాట, అనేవారు. ఏలేవారి భాష రాకుండా పని జరగదని వాళ్లకు తెలుసు. అయితే అదే తిరుమల నాయకుడి సమక్షంలో తమిళ కవి కుమరగురుపరర్ తన మీనాక్షి పిళ్లైత్తమిళాన్ని వినిపించాడని తమిళ సంప్రదాయం గట్టిగా చెబుతుంది. ఇంట్లో తెలుగు, గుడిలో తమిళం, పండితసభలో సంస్కృతం: రాజు ఏ ఒక్కదానికీ కట్టుబడలేదు. పరాయి నేల మీద నిలదొక్కుకోవలసిన ఏలిక చేయాల్సిన పనే అది. నాటకశాలకు ఒకే భాష అంటగడితే ఈ నేర్పు మనకు కనిపించకుండా పోతుంది.

వలసవచ్చిన తెలుగు ఊళ్లను చూసినా, కళకు ఒకే భాష అంటగట్టలేమనే తేలుతుంది. రాజకంబళం నాయకర్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కానీ వాళ్లకు పేరు తెచ్చిన దేవరాట్టం పాట లేకుండా దేవదుందుభి మోతతోనే నడుస్తుంది. సినిమా సంగతీ అంతే: కోయంబత్తూరులో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడి పక్షిరాజా స్టూడియో 1954లో ఒకే కథను తమిళంలో మలైక్కళ్లన్‌గా, తెలుగులో అగ్గిరాముడుగా తీసింది. మరుసటి ఏడు అదే కథ హిందీలో ఆజాద్ అయింది. ఇక మదురై మహల్‌కొస్తే, మద్రాసు గవర్నర్ నేపియర్ బాగుచేయించాక అది చాలాకాలం జిల్లా కోర్టుగా నడిచింది. తర్వాత తమిళనాడు పురావస్తు శాఖ చేతికి వచ్చింది, నాటకశాల శిల్పాల ప్రదర్శనశాల అయింది. 1981లో ముంగిట్లో మొదలైన కాంతిధ్వని ప్రదర్శనకు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ కణ్ణగి నాయికగా సాగే శిలప్పదికారం కథనే ఎంచుకున్నారు. దీన్ని తెలుగుకు జరిగిన అన్యాయంగా చూసేవాళ్లు ఉన్నారు. పిళ్లైత్తమిళం విన్న రాజు ముంగిట్లో కణ్ణగి కథ ఎందుకు వినిపించకూడదో నాకు తోచదు; తెలుగులో మూడో ప్రదర్శన కూడా వేయమని అడగడంలో మాత్రం న్యాయముంది.