తుంటి కీలు మార్పిడి తర్వాత వృద్ధులకు నొప్పి నివారణ: చరిత్ర

అరిగిన, విరిగిన తుంటి కీలు తీసి కృత్రిమ కీలు అమర్చాక వచ్చే నొప్పిని అదుపు చేసే వైద్యం ఇది. తెలుగు నేలపై దీనికి ఆధారమైన మత్తు వైద్యం మూలాలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఉన్నాయి.

అక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మత్తుమందు క్లోరోఫాం వల్ల మరణాలు ఎలా సంభవిస్తాయో తేల్చాలని 1888లో ఒక సంఘాన్ని నడిపారు. శ్వాస ఆగడమే కారణమన్న దాని నిర్ణయాన్ని లండన్ వైద్య పత్రిక లాన్సెట్ శంకించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను 1889లో హైదరాబాదుకు రప్పించారు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, మత్తులో ముందు ఆగేది శ్వాసే, గుండె కాదని రెండో సంఘమూ చెప్పింది. గుండె లయ తప్పి కూడా ప్రాణం పోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ చూపడంతో ఆ నిర్ణయం నిలవలేదు. అయినా మత్తులో ఉన్న రోగి శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న లారీ పట్టుదల మెచ్చదగినది. ఆయన దగ్గర శిక్షణ పొందిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు.

ఈలోగా జర్మనీలో ఆగస్ట్ బియర్ 1898లో వెన్నుకు మత్తుసూది వేశారు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1962లో ఆధునిక కృత్రిమ తుంటికి రూపమిచ్చారు. ఆ దశకంలోనే హైదరాబాదులో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వెలిసింది. నేటి నిమ్స్ అదే.

ఆపరేషన్ తర్వాతి నొప్పికి చాలాకాలం మార్ఫినే దిక్కు. ఆ మందుతో వృద్ధులకు మలబద్ధకం, వాంతులు, మతిభ్రమ, శ్వాస మందగించడం వంటి చిక్కులు ఎక్కువ. మాదకద్రవ్యాల చట్టం (1985) వల్ల భారతదేశంలో మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. 2014 సవరణ కొంత సడలింపునిచ్చింది.

డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కెలెట్, సహచరుడు డాల్ 1993లో పలు మందులను కొద్దికొద్దిగా కలిపి వాడే పద్ధతిని గట్టిగా ప్రతిపాదించారు. నేటి వైద్యం ఆ దారిలోనే నడుస్తోంది. వేళ తప్పకుండా పారాసెటమాల్ ఇస్తారు. మూత్రపిండాలు, కడుపు తట్టుకుంటేనే వాపు తగ్గించే మాత్రలు వాడతారు. వీటికి తోడు తుంటి నరాలను మొద్దుబార్చే సూది లేదా గాయం చుట్టూ మత్తుమందు ఇస్తారు. మార్ఫిన్ వంటివి చివరి ఆసరా. నొప్పి అణిగితేనే ముసలివారు ఆ రోజో మర్నాడో లేచి నడవగలరు. మంచం పట్టి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టడం, న్యుమోనియా పొంచి ఉంటాయి. మతిమరుపు ముదిరి నొప్పి చెప్పుకోలేని వారి విషయంలో ముఖం, మూలుగు, ఊపిరి చూసి లెక్కగట్టే కొలత 2003లో వచ్చింది.

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఈ వైద్యానికి వేరే చిక్కుంది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి అవి తాగినవారిలో కీళ్లు బిగుసుకుపోవచ్చు. వెన్నెముక లిగమెంట్లు గట్టిపడితే మత్తుసూది దిగడం కష్టం. ఆ ప్రాంతపు పెద్దవారిని ఆపరేషన్‌కు తీసుకెళ్లేవారు, ఆ పెద్దలు ఏ నీళ్లు తాగారో మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.