టోట్ చెల్లింపులపై అనుమానాలు
పందెం డబ్బంతా ఒకచోట పోగుచేసి పంచే టోట్ పద్ధతిలో గెలిచినవారికి ఎంత వస్తుందనేది గుర్రం వేగాన్ని బట్టి కాక, దానిపై పడిన డబ్బును బట్టి తేలుతుంది. పోగైన మొత్తంలో పన్ను, నిర్వాహకుల వాటా తీసేసి, మిగిలింది గెలుపు టికెట్లకు పంచుతారు. తెలంగాణలో టోట్ అంటే హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు. అయితే లెక్క ఎక్కడైనా ఒకటే. ఎవరూ నమ్మని గుర్రం గెలిస్తే భారీ చెల్లింపు సహజం, అదొక్కటే మోసానికి రుజువు కాదు.

అసలు సాక్ష్యం పందెం కాసిన తీరులో ఉంటుంది. 2002 అక్టోబరులో అమెరికాలోని ఆర్లింగ్టన్ పార్కులో జరిగిన బ్రీడర్స్ కప్ పోటీల్లో, ఆరు పందేల విజేతలను ముందే ఊహించే ‘పిక్ సిక్స్’లో గెలిచిన ఆరు టికెట్లూ ఒకే ఖాతావి. మొదటి నాలుగు పందేలకు ఒక్కొక్క గుర్రమే, చివరి రెండింటికి గుర్రాలన్నీ! మొదటి నాలుగు ఫలితాలు తెలిశాక టోట్ సంస్థ ఉద్యోగే కంప్యూటరులో ఆ పందేన్ని మార్చాడని విచారణలో బయటపడింది. అంతకుముందు బండి గుర్రాల పందేలు జరిగే బల్మోరల్ పార్కులోనూ ఇదే పన్నాగం పారింది.

నేర్పరి గెలిచి ఉండవచ్చు కదా అనే వాదన తోసేయదగింది కాదు. గుర్రప్పందెంలో నైపుణ్యమే ప్రధానమని 1996లో సుప్రీంకోర్టు కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తీర్పిచ్చింది. అయితే ఆ నేర్పు పరుగుకు ముందే టికెట్టు మీద నమోదై ఉండాలి. నమోదు సమయాన్ని భద్రపరచని చోట నిజాయితీగా గెలిచినవాడు కూడా తన గెలుపును నిరూపించుకోలేడు.