ఆఖరి ఓవర్ ఏతబార్

2025 మార్చి 25 రాత్రి అహ్మదాబాద్‌లో పంజాబ్ జట్టు ఇన్నింగ్స్ 20వ ఓవర్ మొహమ్మద్ సిరాజ్ చేతికి ఇచ్చారు. శశాంక్ సింగ్ అయిదు ఫోర్లు కొట్టాడు. ఆ ఓవర్లో 23 పరుగులు. మొత్తం నాలుగు ఓవర్లలో 54 ఇచ్చాడు, వికెట్ ఒక్కటి లేదు. గుజరాత్ జట్టు ఆ మ్యాచ్ ఓడింది 11 పరుగుల తేడాతో. కాబట్టి హిసాబ్ చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అందరి వేలు ఒకే మనిషి వైపు తిరిగింది.

రంజాన్ ఆఖరి అషరా నడుస్తోంది. జగిత్యాలలో తరావీహ్ నమాజ్ అయ్యి బయటికొచ్చిన పిల్లలు మస్జిద్ మెట్ల మీదే ఫోన్లు తెరిచి స్కోర్ చూసుకున్నారు. కోరుట్ల నుంచి మా ఖాలా కొడుకు ఫోన్ చేసి, "భాయ్, సిరాజ్ పని అయిపోయినట్టేనా?" అన్నాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపే మా బావ మాట ఇంకా కరుకు: "ఛాంపియన్స్ ట్రోఫీకి ఊరికే తీసేసిండ్రా మరి?" సీజన్‌లో అతనికి అది మొదటి మ్యాచ్. బౌలర్ వేసింది 24 బంతులు. అప్పుడే ఫైసలా అయిపోయింది.

ఈ ఫికర్ కొత్తది కాదు. మన మూడు ఊళ్ళకు దీని తారీఖ్ బాగా తెలుసు, ఎందుకంటే అది మొదలైంది షార్జాలో. 1980లలో కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఎంతమంది గల్ఫ్ బాట పట్టారో చెప్పనక్కర్లేదు. ఇంటికొకరు కాకపోయినా గల్లీకి నలుగురు. వాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన టూ-ఇన్-వన్‌లలోనే మా తరం కామెంటరీ విన్నది. 1986 ఏప్రిల్ 18 జుమా రోజు, అక్కడ సెలవు. ఆస్ట్రలేషియా కప్ ఫైనల్. పాకిస్తాన్ గెలవాలంటే ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. బౌలర్ చేతన్ శర్మ, వయసు ఇరవై. యార్కర్ వేద్దామనుకున్నది ఫుల్ టాస్ అయ్యింది. జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. ఆ రోజుల్లో షార్జాలో సెంట్రింగ్ పని చేసిన మా చిన్న మామూ ఇప్పటికీ ఆ బంతి గురించి నిన్న జరిగినట్టు చెప్తాడు.

మామూకు గుర్తు లేనిది ఒకటుంది. ఆ ఏప్రిల్ తర్వాత మూడు నెలలు తిరగకముందే ఇంగ్లండ్‌లో అదే చేతన్ శర్మ లార్డ్స్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు, బర్మింగ్‌హామ్ టెస్టులో మొత్తం 10 వికెట్లు తీశాడు. సిరీస్ మనం 2-0తో గెలిచాం. మరుసటి ఏడు, 1987 అక్టోబర్ 31న, నాగ్‌పూర్‌లో న్యూజిలాండ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ప్రపంచ కప్‌లో అదే మొట్టమొదటి హ్యాట్రిక్. ఇవన్నీ రికార్డు పుస్తకంలో ఉన్నాయి. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఒక్క ఫుల్ టాసే.

ఆఖర్లో బంతి పట్టే వాడి నసీబ్ ఇంతే. ముందు వేసిన వాళ్ళ తప్పులు మధ్య ఓవర్లలో కలిసిపోతాయి, అతని తప్పు ఒక్కటే స్కోర్‌బోర్డ్ పక్కన నిలబడి కనిపిస్తుంది. అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌లో ఈ పనికి పేరే ఉంది, క్లోజర్ అంటారు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో తమ జట్టు కొద్ది తేడాతో ముందున్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడడమే అతని డ్యూటీ. న్యూయార్క్ యాంకీస్ జట్టు మరియానో రివేరా ఆ పనిలో ఉస్తాద్. ఆయన కూడా 2005 సీజన్ మొదట్లోనే బోస్టన్ మీద వరుసగా రెండు రోజులు, ఏప్రిల్ 5న, 6న, ఆధిక్యం జారవిడిచాడు. సొంత మైదానంలో సొంత జనమే హూట్ చేశారు. ఏప్రిల్ 11న బోస్టన్‌కు వెళ్తే అక్కడి జనం ఆయన పేరు వినగానే లేచి చప్పట్లు కొట్టారు, వెటకారంగా. ఆయన నవ్వి టోపీ ఎత్తాడు. ఆ సీజన్ ముగిసేసరికి 43 ఆటలు కాపాడి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.38 పరుగులే ఇచ్చాడు. అది ఆయన కెరీర్‌లోనే బెహతరీన్ సీజన్లలో ఒకటి.

సిరాజ్ కథ మాత్రం ఇంత సాఫీ కాదు. 2019 ఏప్రిల్ 5న బెంగళూరులో కోల్‌కతా మీద రెండు బీమర్లు వేశాడని అంపైర్లు బౌలింగ్ ఆపించారు. అప్పటికి 2.2 ఓవర్లలో 36 పరుగులు. నువ్వెళ్ళి నాన్నతో పాటు ఆటో నడుపుకో అని జనం రాశారని అతనే తర్వాత చెప్పుకున్నాడు. తండ్రి మొహమ్మద్ గౌస్ హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్. నాకు ఆ మాట మీద ఇప్పటికీ కోపమే. ఆటో నడపడం గాలి ఎట్లయితది? మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆ మూడు చక్రాల మీద వెలుగుతలేదు?

ఏడాదిన్నర తర్వాత, 2020 అక్టోబర్ 21న, అబుదాబిలో అదే కోల్‌కతా ఎదురైంది. కరోనా కాలం, స్టేడియం ఖాళీ. పక్కనే లేబర్ క్యాంపుల్లో ఉన్న మన ఊళ్ళ వాళ్ళు కూడా ఫోన్లోనే చూడాల్సి వచ్చింది. సిరాజ్ 4 ఓవర్లు, 2 మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు అంతకుముందు ఎవరూ వేయలేదు. నెల తిరిగింది. నవంబర్ 20న అబ్బా ఇంతఖాల్ అయ్యాడు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, రాలేదు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు, జనవరిలో బ్రిస్బేన్‌లో 5 వికెట్లు. తిరిగొచ్చాక ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఖబ్రస్తాన్‌కు వెళ్ళాడు.

ఇక అసలు మాట. మన ఇళ్ళల్లో సిరాజ్ ఫామ్ గురించి పడే ఫికర్ ఒట్టి క్రికెట్ ఫికర్ కాదు. 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్లతో ఓడినప్పుడు పదకొండు మందీ ఓడారు, కానీ ఆన్‌లైన్లో తిట్లు పడింది ముఖ్యంగా మొహమ్మద్ షమీకి. పేరు చూసి తిట్టారు. కెప్టెన్ విరాట్ కోహ్లీ పత్రికల ముందు దాన్ని గట్టిగా ఖండించాడు, ఆ మాటకు షుక్రియా. అయితే అప్పటి నుంచి మన పెద్దవాళ్ళు సిరాజ్ చేతికి బంతి వచ్చినప్పుడల్లా దుఆ చదువుతున్నారు. వికెట్ కోసం కొంత, ఇల్జామ్ రాకూడదని ఎక్కువ. మా ఖాలాకు ఎల్బీడబ్ల్యూ అంటే ఏంటో తెలియదు. బీడీలు చుట్టుకుంటూ, "ఆఖరి ఓవర్ పిల్లగానికి ఇయ్యకుంటే బాగుండు" అంటది.

ఖాలా భయం నాకు అర్థమవుతుంది. కానీ చదువుకున్న మనం కూడా అదే దారిలో పోతే ఎలా? ఒక బౌలర్ నెత్తిన మొత్తం బిరాదరీ ఇజ్జత్ పెట్టి, బంతి లెగ్ సైడ్ పోతే మనమే ముందు తిట్టడం కూడా జుల్మే. గులాం అహ్మద్ హైదరాబాద్ నుంచి వెళ్ళి 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు, దేశానికి కెప్టెన్ అయ్యాడు. 1967లో సయ్యద్ ఆబిద్ అలీ తన తొలి టెస్టులో, అడిలైడ్‌లో, 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో ఇంగ్లండ్ గడ్డ మీద మన తొలి టెస్టు గెలుపుకు చివరి ఫోర్ కొట్టింది కూడా ఆయన బ్యాటే. ఆయన 2025 మార్చి 12న ఇంతఖాల్ అయ్యారు, సిరాజ్ ఆ 54 ఇచ్చిన రాత్రికి రెండు వారాల ముందు. వాళ్ళకూ చెడ్డ రోజులు వచ్చాయి. అయితే వాళ్ళ బంతి బంతికీ తీర్పు రాసే ఫోన్ అప్పుడు ఎవరి జేబులోనూ లేదు.

తర్వాత ఏమైందో మీకు తెలిసిందే. మార్చి 29న ముంబై మీద 2 వికెట్లు, రోహిత్ శర్మ స్టంప్స్ ఎగిరాయి. ఈద్ అయిన మూడో రోజు బెంగళూరులో 19 పరుగులకు 3. ఏప్రిల్ 6న మన ఉప్పల్‌లో 17 పరుగులకు 4, ఐపీఎల్‌లో నూరో వికెట్ కూడా అక్కడే. కోరుట్ల తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి ప్రశ్న లేదు, అరుపులే. ఇక్కడా కాస్త సబర్ కావాలి. ఆ సీజన్ మొత్తం మీద సిరాజ్‌కు 16 వికెట్లు, ఓవర్‌కు తొమ్మిది పైనే పరుగులు. ఏప్రిల్ మొదటి వారం అతను ఆకాశంలో లేడు, మార్చి ఆఖరి వారం పాతాళంలో లేడు.

మా బావ ఎత్తిన ఛాంపియన్స్ ట్రోఫీ మాటకు వస్తే, జనవరిలో అతన్ని పక్కన పెట్టినప్పుడు రోహిత్ చెప్పిన కారణం ఇది: కొత్త బంతి లేకపోతే సిరాజ్ ప్రభావం తగ్గుతోంది, మాకు ఆఖర్లో కూడా వేసేవాడు కావాలి. 

అదే సంవత్సరం ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడిన ఒకే ఒక్క భారత పేసర్ సిరాజ్. లార్డ్స్‌లో 22 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్‌లో, డిఫెన్స్ ఆడిన బంతి దొర్లి స్టంప్స్‌కు తగిలి చివరి వికెట్‌గా అవుటయ్యాడు. ఓవల్‌లో నాలుగో రోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కాడు. 19 మీద బతికిన బ్రూక్ 111 చేశాడు. ఆగస్ట్ 4, ఆఖరి రోజు. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, మనకు 4 వికెట్లు. ఆ పొద్దున ఫోన్లో రొనాల్డో ఫోటో, దాని మీద యకీన్ అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ మాట పెట్టుకున్నానని సిరాజ్ తర్వాత చెప్పాడు. 80 ఓవర్లు దాటాయి, కొత్త బంతి తీసుకోవచ్చు. మనవాళ్ళు తీసుకోలేదు. స్మిత్, ఓవర్టన్ అంతకుముందే పోయారు. చివర్లో 7 పరుగులు కావాల్సి ఉండగా ఒక చివర అట్కిన్సన్, ఇంకో చివర చెయ్యి కట్టుతో క్రిస్ వోక్స్. సిరాజ్ 86వ ఓవర్ మొదటి బంతి యార్కర్ వేశాడు, అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ లేచిపోయింది.